అమ్మడానికి వీల్లేని జట్టు

(షికాగో శివారులోని ఒక గ్రంథాలయంలో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉత్తరాన విస్కాన్సిన్ నుంచి మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను. మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ అభిమానుల మధ్య నిలబడి, మా విస్కాన్సిన్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ గురించి మాట్లాడటమంటే, అత్తవారింట్లో కూర్చుని పుట్టింటి గొప్పలు చెప్పుకోవడం లాంటిది. వెనక వరసలో నారింజ రంగు టోపీలు పెట్టుకున్న కుర్రాళ్లను చూశాను. బాబూ, నలభై నిమిషాలు ఓపిక పట్టండి. మీ జట్టు గురించి కూడా ఒక మంచి మాట చెబుతాను. అది ఎక్కడ వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పను.

నా చేతిలో ఉన్న ఈ పటం చూడండి. ఇది ప్యాకర్స్ జట్టులో నా వాటా పత్రం. 2021 నవంబరులో కొన్నాను. వాటా 300 డాలర్లు, పైన 35 డాలర్లు నిర్వహణ రుసుము. పత్రం ఇంటికి వచ్చిన రోజున మా ఆవిడ అడిగింది, దీని మీద ఏడాదికి ఎంత వస్తుందని. ఏమీ రాదన్నాను. ధర పెరిగాక అమ్ముకోవచ్చా? అమ్మకూడదు. టికెట్లయినా ఇస్తారా? ఇవ్వరు. ఆమె ఇంకేమీ అనలేదు, గోడకు మేకు ఎక్కడ కొట్టాలో మాత్రం చూపించింది. దేవుడి గదికి దూరంగా. (నవ్వులు)

ఇలాంటి పత్రాలున్న వాళ్లం అయిదు లక్షల మందికి పైగా ఉన్నాం. జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లు ఉంటే, 31 జట్లకు కోటీశ్వరులో వాళ్ల కుటుంబాలో యజమానులు. ముప్ఫై రెండోది మాది, యజమాని అనేవాడు లేడు. గ్రీన్ బే జనాభా లక్షా ఏడు వేలు. ఫాక్స్ నది మిషిగన్ సరస్సు పాయలో కలిసే చోట కాగితం మిల్లులు, మాంసం ఫ్యాక్టరీలు, జున్ను తయారీ మీద బతికిన ఊరు. ఊరి స్టేడియంలో 81 వేల మంది పడతారు, అంటే ఊళ్లో ముప్పాతిక వంతు. న్యూయార్క్, లాస్ ఏంజిలిస్, షికాగో ఉన్న లీగ్‌లో అందరికంటే ఎక్కువగా, 13 సార్లు విజేతగా నిలిచింది ఈ ఊరే. ఇది ఎలా సాధ్యమైందని అడిగితే అభిమానం అంటారు, మట్టి మహిమ అంటారు. నేను అంత దూరం వెళ్లను. కొంత దరిద్రం, కొంత మొండితనం, చివరికి ఒక కాగితం ఆ జట్టును కాపాడాయి. ఈ రోజు ఎక్కువగా ఆ కాగితం గురించే చెబుతాను.

1919 ఆగస్టు 11. గ్రీన్ బే ప్రెస్-గెజిట్ అనే స్థానిక పత్రిక సంపాదకుల గదిలో కొందరు కుర్రాళ్లు కూడారు. పిలిచింది ఇద్దరు. ఒకడు అర్ల్ లాంబో, ఉంగరాల జుట్టు వల్ల అందరూ కర్లీ అనేవారు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో ఒక సీజన్ ఆడి, టాన్సిల్స్ వాచి ఇంటికి వచ్చి, మళ్లీ చదువుకు వెళ్లలేదు. రెండోవాడు జార్జ్ కల్హూన్, ఆ పత్రికలోనే విలేకరి. లాంబో అప్పటికి ఒక మాంసం డబ్బాల కంపెనీలో గుమాస్తా. జట్టు పెడతాం, దుస్తులకు డబ్బు కావాలని తన యజమానిని అడిగితే ఆయన 500 డాలర్లు ఇచ్చాడు. ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. ఇది విని మొదట నేనూ ఉబ్బిపోయాను కానీ, మనకూ ఆ ఇండియన్‌కూ ఏ సంబంధమూ లేదు. అక్కడి ఆదివాసులను ఉద్దేశించిన పేరది. మాంసాన్ని డబ్బాల్లోకి ఎక్కించే వాళ్లు ప్యాకర్లు, వాళ్ల డబ్బుతో ఆడినవాళ్లు ప్యాకర్స్. కంపెనీ రెండేళ్లలో మరొకరి చేతికి వెళ్లిపోయింది. పేరు నూరేళ్లు దాటినా అలాగే ఉంది.

మొదటి ఏడాది పది మ్యాచ్‌లు గెలిచి ఒకటి ఓడారు. చుట్టుపక్కల ఊళ్ల జట్లను చితకబాదారు. ఏడాది మొత్తం మీద వీళ్లు 565 పాయింట్లు చేస్తే ఎదుటివాళ్లందరూ కలిసి చేసినవి 12. ఆడిన మైదానానికి కంచె లేదు, టికెట్ లేదు. సగం ఆటలో కల్హూన్ టోపీ చేతబట్టుకుని జనంలో తిరిగేవాడు. వేసిన చిల్లరంతా సీజన్ చివర పంచుకుంటే మనిషికి 16 డాలర్ల 75 సెంట్లు వచ్చింది.

1921లో లీగ్‌లో చేరారు. ఆ రోజుల్లో లీగ్ అంటే మహానగరాలది కాదు. కాంటన్, ఆక్రన్, డేటన్, రాక్ ఐలండ్, హామండ్, మన్సీ... పటంలో వెతుక్కోవాల్సిన ఊళ్లు. ఒక్కొక్క ఊరే రాలిపోయింది. కొన్ని జట్లు మూతపడ్డాయి, కొన్ని పెద్ద నగరాలకు తరలిపోయాయి. ఒహాయోలోని పోర్ట్స్‌మౌత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కు వెళ్లి లయన్స్ అయింది. ఇదే ఇలినాయ్‌లోని డెకాటూర్‌లో ఒక గంజిపిండి కంపెనీ పెట్టిన జట్టు 1921లో షికాగో చేరింది. ఆ గంజిపిండి జట్టే మీ బేర్స్. (నవ్వులు) అంటే మాంసం కంపెనీ జట్టు ఊళ్లోనే ఉండిపోయింది, గంజి కంపెనీ జట్టు పట్నం వెళ్లిపోయింది. ఈ రెండింటి మధ్య 1921 నుంచి నేటివరకూ పగ నడుస్తూనే ఉంది.

లీగ్‌లో చేరిన ఏడాదే మావాళ్లు తప్పు చేశారు. కాలేజీ ఆటగాళ్లను మారుపేర్లతో దించారు. అప్పట్లో అందరూ చేసేదే అయినా దొరికింది మాత్రం వీళ్లు. లీగ్ వాళ్లను వెళ్లగొట్టింది. 1922 వేసవిలో లాంబో వెళ్లి, ఇకపై నియమాలు పాటిస్తానని మాట ఇచ్చి, 50 డాలర్లు కట్టి జట్టును తిరిగి తెచ్చుకున్నాడు. ఆ ప్రయాణానికి ఒక స్నేహితుడు తన కారు అమ్మి డబ్బిచ్చాడని, బదులుగా ఒక మ్యాచ్‌లో ఒక్క నిమిషం ఆడనిమ్మని అడిగాడని ఊళ్లో కథగా చెప్పుకుంటారు. కథే కావచ్చు. అయినా ఇలాంటి కథ పుట్టడానికి కూడా ఒక తీరు ఊరు ఉండాలి.

ఇక వాన సంగతి. ఇది నాకు ఇష్టమైన ఘట్టం. అదే 1922లో వాన పడితే మ్యాచ్‌కు జనం రారని బీమా చేయించారు. వాన పడింది, జనం రాలేదు. బీమా వాళ్లు కొలత తీశారు. ఒప్పందంలో రాసుకున్న దానికి అంగుళంలో నూరో వంతు తక్కువ పడిందట. పైసా రాలేదు. కొద్ది వారాల తర్వాత థాంక్స్ గివింగ్ పండుగ రోజు మ్యాచ్. మళ్లీ కుండపోత. ఆడితే అప్పు పెరుగుతుంది, ఆపితే పరువు పోతుంది. లాంబో, కల్హూన్ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు పత్రిక వ్యాపార నిర్వాహకుడు ఆండ్రూ టర్న్‌బుల్ వచ్చి, ముందు ఆడండి, డబ్బు సంగతి నేను చూస్తాను అన్నాడు. ఆడారు, మరింత మునిగారు. ఆయన మాత్రం మాట తప్పలేదు. ఊళ్లోని వర్తకులను పోగుచేసి 1923లో లాభాపేక్ష లేని సంస్థగా జట్టును నమోదు చేయించాడు. వాటా అయిదు డాలర్లు, మొత్తం వెయ్యి వాటాలు. కొన్నవాళ్లు ఆరు సీజన్ టికెట్లు కూడా కొనాలని షరతు. అంటే వాటా పేరుతో టికెట్లు అంటగట్టారన్నమాట. పాతకాలపు వర్తకుడి తెలివి అది, నేను తప్పు పట్టను.

అసలు తెలివి దస్తావేజులో ఉంది. అందులో రెండు మాటలు రాశారు. ఒకటి, వాటాదారుకు ఎప్పటికీ లాభం పంచరు. రెండోది, ఎప్పుడైనా జట్టును మూసినా అమ్మినా, అప్పులు పోగా మిగిలిన డబ్బు ఊళ్లోని మాజీ సైనికుల సంఘానికి, అమెరికన్ లీజియన్ శాఖకు, చేరాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికులకు స్మారకం కట్టడానికి. మరోసారి వినండి. జట్టును అమ్మితే అమ్మినవాడికి ఒక్క సెంటు కూడా రాదు. ఈ రోజు ఆ జట్టు విలువ వందల కోట్ల డాలర్లు. ఎవరైనా కొనడానికి వచ్చినా, అమ్మడం వల్ల బాగుపడే మనిషి ఒక్కడూ లేడు. దుర్బుద్ధి పుట్టడానికే చోటు లేకుండా చేశారు. 1997లో ఆ నిబంధనను కొద్దిగా మార్చి, డబ్బు ప్యాకర్స్ ధర్మనిధికి చేరేలా చేశారు. ప్రాణం మాత్రం అదే. మిగతా చిన్న ఊళ్లకు ఆటగాళ్లు లేకపోలేదు, అభిమానులు లేకపోలేదు. ఇలాంటి కాగితమే లేదు.

తర్వాత మంచి రోజులు వచ్చాయి. 1929, 1930, 1931, వరసగా మూడుసార్లు విజేతలు. ఆ వెంటనే చెడ్డ రోజులు. ఒక ప్రేక్షకుడు చెక్క మెట్ల మీంచి కింద పడి దావా వేశాడు. కోర్టు సుమారు 5,000 డాలర్లు కట్టమంది. కట్టాల్సిన బీమా కంపెనీ అప్పటికే దివాలా తీసింది. (నవ్వులు) బీమాతో మావాళ్లకు మొదటి నుంచీ జాతకం కలవలేదు. జట్టు కోర్టు నియమించిన అధికారి చేతికి వెళ్లింది. మహామాంద్యం నడుమ 1935లో ఊరివాళ్లు మళ్లీ 15,000 డాలర్లు పోగుచేసి విడిపించుకున్నారు. సరిగ్గా ఆ ఏడాదే అలబామా నుంచి డాన్ హట్సన్ అనే సన్నపాటి కుర్రాడు వచ్చాడు. అప్పటివరకూ ఈ ఆటలో బంతిని పట్టుకుని గుంపులోకి దూసుకుపోవడమే విద్య. గాల్లోకి విసిరిన బంతిని, ఎటు తిరుగుతాడో తెలియకుండా పరిగెత్తి, అందుకోవడం ఒక కళ అని చూపించినవాడు హట్సన్. 1945లో ఆట మానేసేనాటికి బంతితో గమ్యం చేరి అలా సాధించిన టచ్‌డౌన్లు 99. ఆ రికార్డు 1989 దాకా నిలిచింది.

1949కి లాంబో వయసు మీద పడింది, జట్టు ఓడుతోంది, ఖజానా ఖాళీ. థాంక్స్ గివింగ్ రోజున తమలో తామే రెండు జట్లుగా విడిపోయి చందాల మ్యాచ్ ఆడారు. సుమారు 50,000 డాలర్లు వచ్చాయి. హట్సన్ లాంటి పాత ఆటగాళ్లు కూడా వచ్చి మైదానంలో కనిపించారు. ప్రైవేటు పెట్టుబడిదారులను తెస్తానని లాంబో అన్నాడు. జట్టు ఊరిది, ఊరిదిగానే ఉండాలని బోర్డు ఒప్పుకోలేదు. 1950 జనవరిలో ఊరి బయట ఉన్న శిక్షణ భవనం రాక్‌వుడ్ లాడ్జ్ కాలిపోయింది. ఈసారి బీమా పలికింది, 75,000 డాలర్లు. వారం తిరిగేసరికి లాంబో రాజీనామా చేసి షికాగో కార్డినల్స్ జట్టుకు వెళ్లిపోయాడు. తాను పుట్టించిన జట్టును వదిలి, అందులోనూ షికాగోకు. ముప్ఫై ఏళ్ల కాపురం అలా ముగిసింది.

ఆ ఏడాదే మూడోసారి వాటాలు అమ్మారు. వాటా 25 డాలర్లు, ఒక మనిషికి 200 వాటాలు మించకూడదు. ఊళ్లోని ఏ ధనవంతుడూ జట్టును చంకన పెట్టుకుపోకుండా ఆ హద్దు. ఒక రైతు కుటుంబం నుంచి వచ్చిన ఆవిడ అగ్గిపెట్టెలో పావలా నాణేలు నింపుకుని వచ్చి పాతిక డాలర్లు లెక్కపెట్టి ఇచ్చిందట. పావు డాలర్ నాణేలు నూరు. లెక్కపెడుతున్న గుమాస్తా వేళ్లను ఊహించుకోండి. అలా లక్షా 18 వేల డాలర్లు పోగయ్యాయి.

ఇప్పుడు మీ జట్టు గురించి చెబుతానన్న మంచి మాట. 1950లలో గ్రీన్ బే స్టేడియం హైస్కూలు మైదానం లాంటిది. పెద్ద జట్లు రావడానికి మొహం చిట్లించేవి. కొత్తది కట్టకపోతే విస్కాన్సిన్‌లోని పెద్ద నగరం మిల్వాకీకి తరలిపొమ్మని లీగ్‌లో ఒత్తిడి. 1956 ఏప్రిల్‌లో ఊళ్లో ఓటింగ్ పెట్టారు, స్టేడియం కోసం 9 లక్షల 60 వేల డాలర్ల బాండ్లు తీయాలా వద్దా అని. ఓటింగ్‌కు ముందు గ్రీన్ బే వచ్చి, కట్టండి, ఓటెయ్యండి అని సభలో మాట్లాడినవాడు ఎవరు? జార్జ్ హాలస్. బేర్స్ యజమాని, కోచ్, మావాళ్లు ముప్ఫై అయిదేళ్లుగా ఎవరి పేరు చెబితే పళ్లు కొరికేవారో ఆ హాలస్. శత్రువు చచ్చిపోతే తనకు శత్రువుండడని ఆయనకు తెలుసు. చిన్న ఊరి జట్టు మిగిలితేనే లీగ్‌కు అందమనీ తెలుసు. రెండింతలకు పైగా మెజారిటీతో ప్రజలు అవునన్నారు. 1957 సెప్టెంబరు 29న కొత్త స్టేడియం తెరిచారు. ఉపాధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ వచ్చాడు. మొదటి మ్యాచ్ బేర్స్‌తోనే. హాలస్‌గారి మేలు మరవకుండా 21-17తో ఓడించి పంపాం. (నవ్వులు, చప్పట్లు) 1965లో లాంబో చనిపోయాక ఆ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. తిరిగి రాని మనిషిని ఊరు అలా తిరిగి తెచ్చుకుంది.

స్టేడియం కొత్తది, ఆట పాతదే. 1958లో పన్నెండు మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచారు. 1959లో న్యూయార్క్ జెయింట్స్‌లో సహాయ కోచ్‌గా ఉన్న విన్స్ లొంబార్డీని తెచ్చారు. బ్రూక్లిన్‌లో మాంసం వ్యాపారి కొడుకు, ఒకప్పుడు హైస్కూల్లో పాఠాలు చెప్పినవాడు. ఆయన గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి, గోడల మీద అతికించుకునే సూక్తులున్నాయి. నాకు ఆ సూక్తుల మీద పెద్ద మోజు లేదు. ఆయన గొప్పతనం పంతులుతనంలో ఉంది. ఒకే ఎత్తుగడను వందసార్లు, వెయ్యిసార్లు చేయించేవాడు, కళ్లు మూసుకున్నా కాలు తడబడనంత వరకూ. ఎదుటి జట్టుకు ఏం రాబోతోందో తెలుసు, అయినా ఆపలేకపోయేది. ఏటా జరిగే కొత్త ఆటగాళ్ల ఎంపికలో పదిహేడో విడతలో, రెండు వందల స్థానంలో ఎంపికైన బార్ట్ స్టార్ అనే మాట తక్కువ కుర్రాణ్ని, ఎత్తుగడ నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా నిలబెట్టాడు. నల్లజాతి ఆటగాళ్లు అరుదుగా కనిపించే ఆ ఊళ్లో, వాళ్లను కూర్చోనివ్వని హోటల్లో తన జట్టులో ఎవరూ అడుగు పెట్టకూడదన్నాడు. విల్లీ డేవిస్, విల్లీ వుడ్, హెర్బ్ ఆడర్లీ ఆ జట్టుకు వెన్నెముక. ఏడేళ్లలో అయిదుసార్లు లీగ్ విజేతలు. 1967 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన, రెండు పోటీ లీగుల విజేతలు తలపడే మొదటి సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీని 35-10తో ఓడించారు. ఈ రోజు టికెట్ కోసం ఆస్తులు తాకట్టు పెట్టే ఆ పోటీకి ఆనాడు మూడో వంతు కుర్చీలు ఖాళీ.

ఒక్క మ్యాచ్ మాత్రం కొంచెం నిదానంగా చెబుతాను. 1967 డిసెంబరు 31. లీగ్ కిరీటం కోసం డాలస్ కౌబాయ్స్‌తో. మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి సున్నాకు దిగువన పాతిక డిగ్రీల సెల్సియస్, పైన గాలి. అంతకుముందే లొంబార్డీ 80,000 డాలర్లు పెట్టి మైదానం కింద వేడి తీగలు పరిపించాడు, నేల గడ్డకట్టకుండా. రాత్రంతా పైన కప్పిన టార్పాలిన్ కింద తేమ పట్టింది. పొద్దున దాన్ని లాగేసరికి ఆ తడి కళ్లెదుటే అద్దంలా బిగుసుకుంది. రిఫరీ మొదటి ఈల ఊదాడు. లోహపు ఈల పెదవికి అంటుకుపోయి, లాగితే చర్మంతో సహా వచ్చింది. ఆ తర్వాత ఆట అంతా నోటితో అరిచి నడిపించారు. విరామంలో వాయించాల్సిన బ్యాండు కుర్రాళ్ల వాయిద్యాలు గడ్డకట్టాయి, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అయినా అరలక్ష మంది కదలకుండా కూర్చున్నారు. మా పక్కింటి పెద్దాయన అప్పుడు పన్నెండేళ్లవాడు. కాళ్లు చలికి మొద్దుబారితే ఏం చేశారని అడిగితే, రెండు కాళ్లూ ఒకే సంచిలో దూర్చుకున్నాం, నేనూ మా అన్నా అన్నాడు.

చివరి నాలుగు నిమిషాల యాభై సెకన్లు. డాలస్ 17, మావాళ్లు 14. బంతి మావాళ్ల చేతిలో, గమ్యం 68 గజాల దూరంలో. ఈ ఆట తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటాలి, దాటితే మళ్లీ నాలుగు వస్తాయి. అలా మంచుగడ్డ మీద జారుతూ, పడుతూ గమ్యానికి రెండడుగుల దూరానికి వచ్చారు. అక్కడ రెండుసార్లు బంతి పట్టుకున్నవాడు కాలు జారి ఆగిపోయాడు. ఇంకా పదహారు సెకన్లు. ఆట ఆపమని అడిగే అవకాశాలు అయిపోయాయి. దగ్గరి నుంచి బంతిని తన్ని స్కోరు సమం చేసి, అదనపు సమయంలోకి వెళ్లవచ్చు. లొంబార్డీ ఆ మాటే ఎత్తలేదు. స్టార్ మైదానం అంచుకు పరిగెత్తి వచ్చి, వెనకవాడికి అందిస్తే జారుతున్నాడు, నేనే దూరిపోతానన్నాడు. అయితే దూరిపో, ఇక్కడి నుంచి బయటపడదాం అన్నాడు కోచ్. జట్టులో మిగతావాళ్లకు చెప్పింది వేరు, వెనక ఉన్న చక్ మెర్సీన్‌కు బంతి ఇస్తున్నానని. మనసులో ఉన్నది కోచ్‌కూ తనకూ మాత్రమే తెలుసు. జెర్రీ క్రేమర్, కెన్ బోమన్ ఎదురుగా ఉన్న మనిషిని ఎత్తి వెనక్కి నెట్టారు. ఆ సందులో స్టార్ తలదూర్చి పడ్డాడు. 21-17. ఫొటోలో మెర్సీన్ చేతులు పైకెత్తి ఉంటాడు. విజయోత్సాహం అనుకుంటాం. నేను స్టార్‌ను వెనక నుంచి తోయలేదు చూడండి, అది నియమవిరుద్ధం కదా అని రిఫరీకి చూపించడానికి ఎత్తానని ఆయన తర్వాత చెప్పాడు. రెండు వారాల తర్వాత రెండో సూపర్ బౌల్ కూడా గెలిచారు. లొంబార్డీ 1970లో క్యాన్సర్‌తో పోయాడు. విజేతకిచ్చే వెండి బహుమతి ఆయన పేరుతోనే ఉంది.

ఇక్కడ ఒక పొడి విషయం చెప్పాలి, నిద్ర పోకండి. లొంబార్డీ గెలుస్తూ ఉన్నప్పుడే జట్టును బతికించే పని ఇంకొకటి జరిగింది. 1961 వరకూ ఏ జట్టు మ్యాచ్‌లు ఆ జట్టే టీవీకి అమ్ముకునేది. న్యూయార్క్‌కు వచ్చినదానిలో గ్రీన్ బేకు ఎన్నో వంతు వస్తుంది చెప్పండి. లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ అందరి హక్కులూ ఒకే మూటగా కట్టి అమ్మి, డబ్బు సమానంగా పంచుదామన్నాడు. ఎక్కువ నష్టపోయే న్యూయార్క్ యజమానులు ఒప్పుకున్నారు. దానికి అవసరమైన చట్టం మీద కెనడీ 1961లో సంతకం చేశాడు. మరుసటి ఏడాది టీవీ సంస్థ ఇచ్చిన 46 లక్షల 50 వేల డాలర్లు పద్నాలుగు జట్లకు సమానంగా పంచారు. ఇప్పుడు ఆ ఉమ్మడి ఖాతా నుంచి ఒక్కో జట్టుకు ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటి వస్తోంది. ఆ అంకె లోకానికి ఎలా తెలుసు? మిగతా 31 జట్ల పుస్తకాలు మూసి ఉంటాయి. ప్యాకర్స్ ఒక్కటే ఏటా లెక్కలు బయటపెడుతుంది. అందుకే అందరి సంపాదన గురించీ విలేకరులు మా పుస్తకమే తిరగేస్తారు. ఊరి కాగితం జట్టును కదలకుండా పట్టుకుంది నిజమే. ఈ పంపకం లేకపోతే కదలకుండానే ఎండిపోయేది. సోషలిజం అనే మాట వింటే ఉలిక్కిపడే దేశంలో, ఆ మాట అనకుండా దాన్ని చక్కగా పాటించే వ్యాపారం ఇదొక్కటే అని నా అభిప్రాయం.

లొంబార్డీ తర్వాత ఇరవై అయిదేళ్లు కరువు. ఆ కాలం గురించి చెప్పుకోవడానికి నాకు మనసు రాదు, మీకు వినాలని ఉన్నా. (నవ్వులు) 1992లో అట్లాంటా జట్టు పక్కన పెట్టిన క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్‌ను తెచ్చారు. మరుసటి ఏడాది ఎదుటి దాడిని ఆపడంలో మేటి రెజీ వైట్ అంతటివాడు ఈ చలి ఊరిని కోరి వచ్చాడు. 1997 జనవరిలో మూడో సూపర్ బౌల్. అదే స్థానంలో ఫావ్ర్ తర్వాత ఆరన్ రోడ్జర్స్, 2011లో నాలుగోది. ఇప్పుడు జోర్డన్ లవ్. మధ్యలో అలకలు, వీడ్కోళ్లు, ఫావ్ర్, రోడ్జర్స్ ఇద్దరూ ఇక్కడి నుంచి న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లడం, అన్నీ మీకు తెలిసినవే.

వాటాల సంగతికి మళ్లీ వస్తాను. 1997లో 200 డాలర్ల చొప్పున అమ్మి 2 కోట్ల 40 లక్షలు తెచ్చారు. 2011లో 250కి, 2021లో 300కి అమ్మారు. అది పెట్టుబడి కాదని, లాభం ఆశించవద్దని అమ్మకపు పత్రంలోనే రాశారు. దీన్ని చందా అనకుండా వాటా అనడం మోసమనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మేం డైరెక్టర్లను ఎన్నుకుంటాం, నిజమే, కానీ జట్టును నడిపేది ఏడుగురి కార్యనిర్వాహక సంఘం, అధ్యక్షుడు. ఏ ఆటగాణ్ని కొనాలో నన్ను ఎవరూ అడగరు. అడగకపోవడమే జట్టుకు మంచిది. పైగా 2000లో స్టేడియం మరమ్మతుకు ఆ జిల్లా జనం అర శాతం అమ్మకపు పన్ను తమ మీద తామే వేసుకున్నారు. ఊరి జట్టు అంటే ఊరి జేబు కూడా అని అర్థం. అయినా ఒకటి. తమ జట్టు ఇంకో నగరానికి వెళ్లిపోతుందని బెదిరించి స్టేడియాలు కట్టించుకునే యజమానులు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. మాకు ఆ బెదిరింపు వినే అవసరం రాదు. బెదిరించే మనిషే లేడు కదా.

1960 నుంచి సీజన్ టికెట్లన్నీ ముందే అమ్ముడుపోతున్నాయి. టికెట్ కోసం వేచి ఉన్నవారి జాబితాలో లక్షా నలభై వేలకు పైగా పేర్లున్నాయి. ఊరి జనాభా కంటే వరస పొడవు. బిడ్డ పుట్టగానే జనన పత్రం కంటే ముందు ఆ జాబితాలో పేరు రాయించేవాళ్లున్నారు. వీలునామాలో టికెట్లు రాసేవాళ్లున్నారు. మా అబ్బాయి పేరు రాయించాను. వాడి వంతు వచ్చేసరికి వాడి మనవడు చేతికర్ర పట్టుకుని వెళ్లాలి.

ఏటా జూలైలో వాటాదారుల వార్షిక సమావేశం లాంబో ఫీల్డ్‌లోనే జరుగుతుంది. ఒకసారి వెళ్లాను. వేలమందిమి మైదానం చుట్టూ కూర్చున్నాం, చేతుల్లో లెక్కల పుస్తకాలు, నెత్తిన జున్ను ముక్క ఆకారపు పసుపు టోపీలు. ఆదాయం, ఖర్చు, నిల్వ అని వేదిక మీద అంకెలు చదువుతుంటే, నా పక్కనున్న పాల రైతు ఒక పెన్సిల్‌తో ఒక్కో అంకె పక్కన టిక్కు పెడుతున్నాడు. 1950లో వాళ్ల నానమ్మ కొన్న వాటా ఆయనకు వచ్చిందట. ఏం చూస్తున్నారని అడిగాను. కూడిక సరిపోయిందా లేదా అని, అన్నాడు. సరిపోయిందా? సరిపోయింది. పుస్తకం మడిచి జేబులో పెట్టుకుని, ఆవులకు పాలు పితికే వేళయిందని లేచి వెళ్లిపోయాడు.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసలోని నారింజ టోపీలకు మొదటి అవకాశం.